పుస్తకాన్ని ఎంచుకుంటున్నది ఎవరు? విశ్వవిద్యాలయ గ్రంథాలయాల కొనుగోళ్ల లోపలి సంగతులు

జూలైలో ఒక అధ్యాపకురాలు తాను చెప్పబోయే కోర్సుకు పది పుస్తకాలు కావాలని లైబ్రరీకి ఇండెంట్, అంటే కావలసినవాటి జాబితా, పంపారనుకోండి. సొంతంగా ఆన్‌లైన్‌లో కొంటే ఆ పదీ వారంలో ఇంటికి వస్తాయి. లైబ్రరీకి మాత్రం మార్చి నాటికి వస్తాయి, అదీ ఆరో ఏడో. అప్పటికి ఒక సెమిస్టర్ అయిపోయి రెండోది చివరికొచ్చి ఉంటుంది. విద్యార్థులు లైబ్రేరియన్‌ని తిట్టుకుంటారు. లైబ్రేరియన్ పుస్తకాలు సరఫరా చేసే వెండర్‌ని అంటారు. వెండర్ అకౌంట్స్ సెక్షన్‌ని చూపిస్తాడు. ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది. అయితే ఆలస్యం ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. నన్ను వేధించే ప్రశ్న వేరే ఉంది. ఆ ర్యాకులోకి ఏ పుస్తకం రావాలో తేలుస్తున్నది ఎవరు? చదివేవాళ్లా, చెప్పేవాళ్లా, అమ్మేవాళ్లా? కొన్ని దశాబ్దాలుగా ఆ నిర్ణయం కొంచెం కొంచెంగా చదివేవాళ్ల వైపు నుంచి జారిపోతోంది. ఎక్కడ జారుతోందో తెలియాలంటే కాగితం నడిచే దారి వెంట, డబ్బు నడిచే దారి వెంట వెళ్లి చూడాలి.

ఇండెంట్ మీద ముందు విభాగాధిపతి సంతకం పడాలి. తర్వాత లైబ్రరీలో కొనుగోళ్లు చూసే అక్విజిషన్ సెక్షన్ ఆ పుస్తకాలు ఇప్పటికే ఉన్నాయేమో కేటలాగులో వెతుకుతుంది. కోహా అయినా, విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపే కేంద్ర సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి సోల్ అయినా, ఈ పనికి సాఫ్ట్‌వేర్‌లో ఒక భాగం ఉంటుంది. ఆ విభాగానికి కేటాయించిన బడ్జెట్‌లో మిగులు ఉందా లేదా చూస్తారు. లేకపోతే జాబితా వచ్చే ఏడాదికి వెళ్తుంది. ఉంటే లైబ్రరీ కమిటీ ముందుకు పోతుంది. కమిటీ ఎప్పుడు కూర్చుంటే అప్పుడే ఆమోదం. ఆ తర్వాత వెండర్లకు జాబితా పంపి, ఎవరు ఏ రాయితీకి ఇస్తారో తెలుసుకుని, పర్చేజ్ ఆర్డర్ ఇస్తారు. పుస్తకాలు వచ్చాక ఎడిషన్ సరిగ్గా ఉందా, పేజీలు తిరగబడ్డాయా, ధర రుజువు జతచేశారా అని చూస్తారు. అప్పుడు లైబ్రరీకి చేరిన పుస్తకాల చిట్టా అయిన అక్సెషన్ రిజిస్టరులో ఎక్కించి, ఒక్కో పుస్తకానికి ఒక్కో నంబరు వేసి, ఆ నంబర్లను బిల్లు వెనక రాసి, ధ్రువీకరించి అకౌంట్స్‌కి పంపుతారు. అక్కడి నుంచి ఆడిట్‌కి. ఆడిట్ ఒక్క అభ్యంతరం రాస్తే బిల్లు మళ్లీ మొదటికొస్తుంది. వెండర్ చేతికి డబ్బు అందేసరికి నెలలు గడుస్తాయి.

మార్చి 31న ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది, ఖర్చు కాని గ్రాంటు వెనక్కి పోతుంది. అందుకే ఏడాది పొడవునా పాకిన కొనుగోలు ఫిబ్రవరి, మార్చిల్లో ఒక్కసారిగా పరుగెడుతుంది. ఆ హడావుడిలో కోరిన పుస్తకం దొరకకపోతే, వెండర్ దగ్గర స్టాకులో ఉన్న పుస్తకం వస్తుంది. నిర్ణయం చేతులు మారే మొదటి చోటు ఇది.

రాయితీ శాతం దాచే లెక్క

వెండర్ అంటే కేవలం మధ్యవర్తి అని చాలామంది చులకనగా చూస్తారు. నేను ఒప్పుకోను. ఒక విశ్వవిద్యాలయం ఏడాదికి రెండు వేల పుస్తకాలు కొన్నదంటే అవి కనీసం రెండు మూడు వందల ప్రచురణ సంస్థలవి అయి ఉంటాయి. వాళ్లందరితో విడివిడిగా ఉత్తరాలు నడిపి, విదేశీ పుస్తకాలు తెప్పించి, పాడైన ప్రతులు మార్చి, అన్నింటికీ ఒకే బిల్లు ఇచ్చి, దాని సొమ్ము కోసం ఆరు నెలలు ఓపిక పట్టేది వెండరే. ఆ ఆరు నెలల వడ్డీ కూడా అతనే మోస్తాడు. మంచి వెండర్ ఉన్న లైబ్రరీకీ లేని లైబ్రరీకీ తేడా ర్యాకులు చూస్తేనే తెలుస్తుంది.

విదేశీ పుస్తకం ధర పౌండ్లలోనో డాలర్లలోనో ఉంటుంది. దాన్ని రూపాయల్లోకి మార్చేందుకు ఢిల్లీలో ప్రచురణకర్తల, పుస్తక విక్రేతల సంఘాల సమాఖ్య తరఫున గుడ్ ఆఫీసెస్ కమిటీ ఒకటి మారకపు రేట్లు ప్రకటిస్తూ వచ్చింది. లైబ్రరీల్లో దాన్ని జీఓసీ రేటు అంటారు. బ్యాంకు రేటు కన్నా అది కాస్త ఎక్కువే ఉండేది. దాంతో పాటు పదిశాతం రాయితీ దేశమంతా ఒక ఆనవాయితీగా నడిచింది. ఆ రోజుల్లో అందరూ ఒకే రాయితీ ఇచ్చేవారు కాబట్టి వెండర్లు పోటీ పడాల్సింది సేవలో: ఎవరు త్వరగా తెస్తారు, ఎవరు అరుదైనది వెతికి పట్టుకొస్తారు అన్నదాంట్లో. తర్వాత లైబ్రరీలు టెండర్లు పిలవడం మొదలుపెట్టాయి. ఇరవై, ముప్పై, నలభై శాతం దాకా పాట పెరిగింది. పైకి చూస్తే ప్రజాధనం ఆదా అయినట్టే ఉంటుంది. లెక్క వేసి చూద్దాం.

ఒక మంచి విశ్వవిద్యాలయ ముద్రణాలయం పుస్తకం ధర 600 రూపాయలు. దాని మీద ప్రచురణకర్త వెండర్‌కి ఇచ్చేదే పాతిక, ముప్పై శాతం అనుకుందాం. వెండర్ మనకు 20 శాతం ఇస్తే 480కి వస్తుంది. అదే విషయం మీద మరో సంస్థ, అంతర్జాలంలో దొరికే సమాచారాన్ని గుదిగుచ్చి, గట్టి అట్ట వేసి, 1,995 రూపాయల ధర ముద్రిస్తుంది. దాని మీద 50 శాతం రాయితీ ఇచ్చినా 997 అవుతుంది. ఫైలులో మాత్రం మొదటిదాని పక్కన 20 శాతం అని, రెండోదాని పక్కన 50 శాతం అని ఉంటుంది. ఆడిట్‌కి రెండోదే మంచి కొనుగోలు. ఇదే సూత్రంతో బతికే ప్రచురణలు మన దేశంలో కొల్లలు. 'లైబ్రరీ ఎడిషన్' పేరుతో పేపర్‌బ్యాక్‌కి మూడు రెట్ల ధర పెట్టేవి, కాపీరైట్ తీరిన పాత గ్రంథాలకు కొత్త శీర్షిక తగిలించేవి అన్నీ ఈ తోవలోనివే. అత్యధిక రాయితీ ఇచ్చేవాడికే ఆర్డర్ అన్న నియమం పెట్టుకున్న లైబ్రరీ తెలియకుండానే ఇలాంటి పుస్తకాలను ఎంచుకుంటుంది. ఎందుకంటే అంత రాయితీ ఒప్పుకున్న వెండర్ నిజమైన ప్రచురణకర్త పుస్తకాన్ని నష్టానికి సరఫరా చేయలేడు. ఆర్డర్‌లోని ఆ పుస్తకాలకు 'ముద్రణలో లేదు' అని రాసి పంపి, మిగతావి తెస్తాడు. ఇందాకటి పదిలో ఆరే రావడం వెనక చాలాసార్లు ఉన్న కారణం ఇదే.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటి ఉంది. పుస్తకాలు మిగతా సామగ్రి లాంటివి కావని, లైబ్రేరియన్ పేరున్న పుస్తక విక్రేతల దగ్గర చెల్లుబాటులో ఉన్న షరతుల మీద కొనవచ్చని, అందుకు టెండర్లు పిలవనక్కర్లేదని కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ 1984 ఫిబ్రవరిలోనే ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు రాసినవారికి ఒక సంగతి బాగా తెలుసు. ఇరవై కుర్చీలు కొనేటప్పుడు ఏ తయారీదారు కుర్చీ అయినా కుర్చీయే, తక్కువ ధరకు ఇచ్చినవాడి దగ్గర కొనొచ్చు. ఒక రచయిత రాసిన పుస్తకానికి బదులు ఇంకొకరిది కొనలేం. అయినా చాలా సంస్థల్లో ఈ ఉత్తర్వు జోలికి పోరు. టెండర్ పిలిస్తే సంతకం పెట్టినవారికి భద్రత. పిలవకపోతే ఎవరైనా ఆకాశరామన్న ఉత్తరం రాస్తే సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ దాని ఖరీదు పాఠకులు కడుతున్నారు.

భయం మరో చోట కూడా పనిచేస్తుంది. 2017 నాటి కేంద్ర సాధారణ ఆర్థిక నియమాల్లో 215వది లైబ్రరీ పుస్తకాల తనిఖీ గురించి చెబుతుంది. ఏడాదిలో ఇచ్చిన, చదవడానికి తీసిన ప్రతి వెయ్యి సంపుటాలకు అయిదు పోతే అది సహజమని, నిర్లక్ష్యమో అక్రమమో లేకపోతే తప్పు పట్టనక్కర్లేదని ఆ నియమమే ఒప్పుకుంటుంది. అయితే వెయ్యి రూపాయలు దాటిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతే విచారణ తప్పదు. ఇవాళ విదేశీ పుస్తకాల్లో చాలావాటి ధర వెయ్యి దాటే ఉంటుంది. ఫలితంగా ఖరీదైన పుస్తకం కొన్నాక దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసే అలవాటు చాలాచోట్ల కనిపిస్తుంది.

సాంకేతిక కళాశాలల్లో ఇంకో ఒత్తిడి ఉంది. సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ ప్రమాణాలు సీట్లను బట్టి ఎన్ని టైటిళ్లు, ఎన్ని సంపుటాలు ఉండాలో చెబుతాయి. కళాశాలలకు గ్రేడులిచ్చే న్యాక్ లైబ్రరీ మీద ఏటా ఎంత ఖర్చు పెట్టారని అడుగుతుంది. లెక్క చూపడమే పని అయినప్పుడు లెక్కకు పనికొచ్చే పుస్తకాలే వస్తాయి. ఒకే పాఠ్యపుస్తకం యాభై కాపీలు, పక్కన చవక గైడ్లు, తనిఖీకి వారం ముందు దించిన అట్టపెట్టెలు.

పత్రికలు: ముందు డబ్బు, తర్వాత సరుకు

పుస్తకాల విషయంలో వెండర్ మనల్ని నమ్మి ఎదురుచూస్తాడు. పరిశోధన పత్రికల దగ్గర పరిస్థితి తలకిందులు. అక్కడ చందా ముందే కట్టాలి. పత్రికల సంవత్సరం జనవరిలో మొదలవుతుంది, మన బడ్జెట్ ఏప్రిల్‌లో. డిసెంబరులోగా సొమ్ము చేరకపోతే జనవరి సంచిక రాదు. ఈ ముడి విప్పేందుకు సబ్‌స్క్రిప్షన్ ఏజెంట్లు పుట్టారు. వందల పత్రికల చందాలు ఒక్క ఇన్‌వాయిస్‌లో వసూలు చేసి, ప్రచురణకర్తలకు పంచి, రాని సంచికల కోసం వెంటపడటం వాళ్ల పని.

ముందు కట్టిన డబ్బుకు పూచీ ఎవరు అన్న ప్రశ్న ప్రపంచమంతటా లైబ్రరీలకు రెండుసార్లు గట్టిగా ఎదురైంది. 2003 మొదట్లో అమెరికాలో రోకామ్ అనే పెద్ద ఏజెన్సీ దివాలా తీసింది. లైబ్రరీలు కట్టిన కోట్ల డాలర్లు ప్రచురణకర్తలకు చేరనేలేదు. 2014 సెప్టెంబరులో నెదర్లాండ్స్‌కి చెందిన స్వెట్స్ మూతపడింది. అది శతాబ్దం పైబడిన సంస్థ. దాని పేరు చూస్తే ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. అందుకే ముందస్తు చెల్లింపుకు బ్యాంకు గ్యారంటీ అడిగే ఆడిట్ అధికారిని నేను చాదస్తుడని అనను.

అయితే ఏజెంట్ల కాలం మెల్లగా సన్నగిల్లింది. పత్రికలు ఆన్‌లైన్‌కి వచ్చాక ప్రచురణకర్తలే నేరుగా లైబ్రరీలతో ఒప్పందాలు మొదలుపెట్టారు. 1990ల నడుమ వచ్చిన పద్ధతి, బిగ్ డీల్, మొత్తం ఆటనే మార్చింది. అంతకుముందు లైబ్రరీ ఏ పత్రిక కావాలో ఒక్కొక్కటిగా ఎంచుకునేది. ఇప్పుడు మా పత్రికలన్నీ కలిపి ఒక మూట, మీరు ఇంతకాలం కడుతున్నదానికి కొంచెం కలిపి కట్టండి అన్నారు. మొదట్లో అది వరంలా కనిపించింది. వంద పత్రికలు తెప్పించుకునేచోట పదిహేను వందలు వచ్చిపడ్డాయి. ఏటా నిర్ణీత శాతం ధర పెరుగుతుందని, మధ్యలో కొన్ని పత్రికలు వదులుకునే వీలు లేదని, ఎంత కట్టారో బయటికి చెప్పకూడదని ఒప్పందంలో ఉన్న సంగతి తర్వాత బాధించింది. బడ్జెట్ తగ్గితే మూటను ముట్టలేరు కాబట్టి కోత పుస్తకాల మీద, చిన్న ప్రచురణకర్తల పత్రికల మీద పడింది.

ఆ గోప్యత షరతు గురించి కొంచెం ఆగి చెప్పాలి. ప్రభుత్వ విశ్వవిద్యాలయం ప్రజల డబ్బుతో కొంటూ, ధర చెప్పను అని అమ్మకందారుకు మాట ఇస్తుంది. పక్క విశ్వవిద్యాలయం ఎంత కట్టిందో తెలియనప్పుడు బేరం ఎక్కడ మొదలుపెట్టాలి? అమెరికా ఆర్థికవేత్త థియోడర్ బెర్గ్‌స్ట్రామ్, ఆయన సహచరులు అక్కడి ప్రభుత్వ సమాచార చట్టాల కింద ఈ ఒప్పందాలను తెప్పించుకుని 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒకే తరహా విశ్వవిద్యాలయాలు ఒకే మూటకు చాలా వేర్వేరు ధరలు కడుతున్నాయని అందులో బయటపడింది. బాగా బేరమాడినవారు తక్కువ కట్టారు, అడగనివారు ఎక్కువ కట్టారు. హార్వర్డ్ లాంటి సంపన్న సంస్థే 2012లో పత్రికల ఖర్చు భరించలేని స్థితికి చేరిందని తన అధ్యాపకులకు ఉత్తరం రాసింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2019 ఫిబ్రవరిలో పెద్ద పత్రికల ప్రచురణ సంస్థ ఎల్సెవియర్‌తో చర్చల నుంచి లేచి వచ్చేసింది. దాదాపు రెండేళ్లు ఆ పత్రికల కొత్త సంచికలు లేకుండానే గడిపింది. 2021 మార్చిలో, తమ పరిశోధకుల వ్యాసాలు అందరికీ ఉచితంగా అందేలా కొత్త ఒప్పందం చేసుకుని మళ్లీ చేరింది. లేచి రాగలిగే శక్తి ఉన్నవారికే బేరం సాగుతుందని ఆ ఉదంతం చూస్తే తెలుస్తుంది. అక్కడ లేచి వచ్చింది పది క్యాంపస్‌లు కలిసి.

మన దేశంలో కూడా కలిసి కొనడం కొత్త కాదు. 2003లో ఐఐటీల వంటి సంస్థల కోసం ఇండెస్ట్, విశ్వవిద్యాలయాల కోసం యూజీసీ-ఇన్‌ఫోనెట్ మొదలయ్యాయి. కళాశాలలకు ఎన్-లిస్ట్ వచ్చింది. 2015లో వాటిని ఈ-శోధ్‌సింధుగా కలిపారు. ఆ దారిలో అతి పెద్ద అడుగు 2024 నవంబర్ 25న పడింది. పత్రికలకు దేశమంతటి తరఫున ఒకే చందా కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకానికి కేంద్ర కేబినెట్ ఆ రోజు ఆమోదం తెలిపింది. 2025, 2026, 2027 సంవత్సరాలకు 6,000 కోట్ల రూపాయలు, 30 మంది అంతర్జాతీయ ప్రచురణకర్తలు, దాదాపు 13,000 పత్రికలు, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల కింద ఉన్న 6,300కు పైగా సంస్థలు, సుమారు 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ దీన్ని నడుపుతోంది. భాగించి చూస్తే ఏడాదికి ఒక్కో పాఠకుడి మీద పడేది పదకొండు వందల రూపాయల చిల్లర. అంతర్జాతీయ పత్రికల్లో ఒక్క వ్యాసం విడిగా కొన్నా అంతకన్నా ఎక్కువ అవుతుంది.

ఇది మంచి పనేనని నా అభిప్రాయం. శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో చదివే విద్యార్థికి, ఐఐటీ విద్యార్థికి ఒకే వ్యాసం తెరుచుకోవడం చిన్న విషయం కాదు. కానీ మూడు సంగతులు గమనించాలి. ఒకటి, ఈ పథకం పత్రికలకే. పుస్తకాలు రావు. రెండోది, ప్రైవేటు కళాశాలలు ఇందులో లేవు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ చదివేవారిలో అత్యధికులు వాటిల్లోనే ఉన్నారు. ఆ కళాశాలలు డెల్‌నెట్ లాంటి గ్రంథాలయాల నెట్‌వర్క్‌ల సభ్యత్వాలతో, చిన్న చిన్న ప్యాకేజీలతో నెట్టుకొస్తున్నాయి. మూడోది నాకు ఎక్కువ దిగులు పుట్టించేది. పత్రికలు ఢిల్లీ నుంచి వస్తున్నాయి కదా అని విశ్వవిద్యాలయాలు లైబ్రరీ బడ్జెట్‌ని కోసేస్తే, మిగిలిన డబ్బు పుస్తకాలకు రాదు. వేరే పద్దుకు పోతుంది. 30 మంది ప్రచురణకర్తల జాబితాలో లేనివన్నీ, ముఖ్యంగా భారతీయ భాషల్లో వచ్చే పరిశోధన పత్రికలు, కొనే దిక్కు లేకుండా పోతాయి. 2027 తర్వాత ఎంత పెంచి అడుగుతారన్నది బేరం బల్ల మీద తేలాలి. దేశమంతా అలవాటు పడ్డాక లేచి రావడం ఒక్క విశ్వవిద్యాలయం లేచి వచ్చినంత తేలిక కాదు.

కొన్నామా, అద్దెకు తీసుకున్నామా

ఈ-పుస్తకం విషయానికొస్తే వెండర్లు వాడే ప్రతి పదం వెనక ఒక షరతు ఉంటుంది. శాశ్వత కొనుగోలు అన్నది ఒక రకం. ఏడాది చందా మరో రకం. కేటలాగులో వేల పుస్తకాలు చూపించి, పాఠకుడు నిజంగా తెరిచి కొంతసేపు చదివితే అప్పుడు లైబ్రరీ ఖాతాలోంచి డబ్బు తీసుకునేది ఇంకో రకం. దీన్ని పాఠకుల గిరాకీ మీద నడిచే కొనుగోలు అనొచ్చు. మరొకటి, ఒక మొత్తం ముందే కట్టి ఏడాది పాటు అన్నీ వాడి, చివర్లో వాడకం లెక్కలు చూసి ఎక్కువ చదివినవి సొంతం చేసుకోవడం. నాకు ఈ చివరిది నచ్చుతుంది. చదివినవారే ఎంచుకుంటారు, లైబ్రేరియన్ సరిచూస్తారు.

ఒక్కో ఈ-పుస్తకానికి ఒకేసారి ఒక్కరే చదవొచ్చా, ముగ్గురా, ఎంతమందైనా చదవొచ్చా అన్నది మరో లెక్క. అరవై మంది తరగతికి పెట్టిన పాఠ్యపుస్తకాన్ని ఒక్కరి లైసెన్స్‌తో కొంటే పరీక్షల వారంలో అది ఉన్నా లేనట్టే. ఎన్ని పేజీలు ముద్రించుకోవచ్చు, వేరే లైబ్రరీకి అరువివ్వొచ్చా, బయటినుంచి వచ్చిన పాఠకుడు మన కంప్యూటర్‌లో చదవొచ్చా, చందా ఆగితే ఇప్పటిదాకా డబ్బు కట్టిన సంవత్సరాల పత్రికలైనా మిగులుతాయా, ఆ సంస్థ మూతపడితే పోర్టికో, క్లాక్స్ లాంటి భాండాగారాల్లో ప్రతి ఉందా... ఇవన్నీ సంతకానికి ముందు అడగాల్సినవి. సంతకం అయ్యాక అడిగితే మర్యాదగా నవ్వుతారు.

శాశ్వతం అన్న మాట ఎంత కాలం శాశ్వతమో 2025 ఫిబ్రవరిలో అందరికీ తెలిసింది. లైబ్రరీలకు ఈ-పుస్తకాలు అమ్మే ప్రోక్వెస్ట్‌ని 2021లో కొనేసిన క్లారివేట్ అనే సంస్థ, ఇక పుస్తకాలు, ఈ-పుస్తకాలు ఒక్కసారి డబ్బు కట్టి సొంతం చేసుకునే పద్ధతి ఆపేసి చందాలకు మారతామని ప్రకటించింది. ఏడాది చివరికల్లా అయిపోవాలంది. లైబ్రరీల నుంచి నిరసన వచ్చాక గడువును 2026 జూన్ దాకా పొడిగించింది. లైబ్రరీల సాఫ్ట్‌వేర్, పుస్తకాలు అమ్మే వేదిక, పరిశోధన సూచికలు ఒకే సంస్థ చేతిలో ఉన్నప్పుడు దాని ఒక్క నిర్ణయం వేల లైబ్రరీల కొనుగోలు విధానాన్ని తిరగరాస్తుంది. అమెరికాలో పుస్తకాల సరఫరా చరిత్ర కూడా ఇలా ఒకరినొకరు మింగిన చరిత్రే. విద్యాసంస్థలకు పుస్తకాలు అమ్మేందుకు 1971లో పుట్టిన యాంకీ బుక్ పెడ్లర్‌ని 1999లో బేకర్ అండ్ టేలర్ కొన్నది. అదే సంస్థ 2009లో బ్లాక్‌వెల్ ఉత్తర అమెరికా వ్యాపారాన్నీ తీసుకుంది. 2015లో ఆ విద్యాసంస్థల విభాగం మొత్తం ఎబ్స్కో అనే మరో పెద్ద సంస్థ చేతికి వెళ్లింది. ఎంచుకునేందుకు వెండర్లే మిగలకపోతే రాయితీ అడగడంలో అర్థం లేదు.

వాడకం లెక్కల గురించి ఒక మాట. 2002లో మొదలైన కౌంటర్ ప్రమాణం వల్ల ఏ పత్రికను ఎన్నిసార్లు తెరిచారో దాన్ని పాటించే సంస్థలన్నీ ఒకే పద్ధతిలో లెక్క చెబుతున్నాయి. చందాని ఆ సంఖ్యతో భాగిస్తే ఒక్క వాడకానికి ఎంత పడిందో తెలుస్తుంది. బేరానికి అంతకు మించిన ఆయుధం లేదు. కానీ ఆ ఒక్క అంకెనే పట్టుకుంటే ఇద్దరే పరిశోధకులున్న శాసనాధ్యయనం, భాషాశాస్త్రం ఎప్పుడూ ఓడిపోతాయి.

తెలుగు పుస్తకం ఎటు పోయింది?

1960లలో అమెరికాలో రిచర్డ్ ఏబెల్ అనే పుస్తక విక్రేత ఒక పద్ధతిని విస్తృతంగా నడిపాడు. లైబ్రరీ తనకు ఏ విషయాలు కావాలో, ఏ స్థాయివి కావాలో, ఏవి వద్దో ముందుగా వివరంగా రాసి ఇస్తుంది. వెండర్ ఆ ప్రకారం కొత్త పుస్తకాలు వచ్చినవి వచ్చినట్టే పంపిస్తాడు. లైబ్రరీ చూసి నచ్చనివి తిప్పి పంపుతుంది. అప్రూవల్ ప్లాన్ అంటారు. ఒక్కో పుస్తకానికి ఒక్కో ఇండెంట్ తిరగక్కర్లేదు. పుస్తకం అచ్చయిన వారాల్లో ర్యాకులోకి చేరుతుంది. ఎంపిక ఏడాదికొకసారి కూర్చునే కమిటీ నుంచి విషయం తెలిసిన లైబ్రేరియన్ చేతికి వస్తుంది.

ఇలాంటి క్రమబద్ధమైన కొనుగోలు తెలుగు పుస్తకాలకు కూడా ఒకచోట జరిగింది. 1950లలో పబ్లిక్ లా 480 కింద అమెరికా మనకు గోధుమలు అమ్మింది, సొమ్ము రూపాయల్లో తీసుకుంది. ఆ రూపాయలు ఇక్కడే పోగుపడ్డాయి. 1958లో చేసిన సవరణ వాటితో పుస్తకాలు కొనేందుకు వీలిచ్చింది. 1962లో అమెరికా పార్లమెంటు గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీలో కార్యాలయం తెరిచి, భారతీయ భాషలన్నింటిలో వెలువడే పుస్తకాలను వరసగా కొని షికాగో, విస్కాన్సిన్, బర్క్‌లీ, పెన్సిల్వేనియా వంటి విశ్వవిద్యాలయాలకు పంపడం మొదలుపెట్టింది. కథలు, కవిత్వం, జిల్లా చరిత్రలు, కుల పురాణాలు, సంస్మరణ సంచికలు అన్నీ వెళ్లాయి. ఆ రూపాయలు అయిపోయాక విశ్వవిద్యాలయాలే డబ్బు వేసుకుని అదే కార్యాలయం ద్వారా సహకార పద్ధతిలో కొంటూ వచ్చాయి. అందుకే అమెరికాలో తెలుగు సాహిత్యం మీద పరిశోధన చేసేవారికి అరవైల, డెబ్బైల పుస్తకాలు కొన్ని అక్కడ సులభంగా దొరుకుతాయి.

మన సంగతి చూద్దాం. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్త ప్రతి పుస్తకాన్నీ కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరాకు, ముంబై, ఢిల్లీల్లోని మరో రెండు గ్రంథాలయాలకు పంపాలి. విశ్వవిద్యాలయాలకు అలాంటి హక్కు లేదు. కొనుక్కోవాల్సిందే. ఇక తెలుగు పుస్తకం పుట్టుక చూడండి. అయిదు వందలో వెయ్యో ప్రతులు, చాలాసార్లు రచయిత సొంత డబ్బుతో. కొన్నింటికి ఐఎస్‌బీఎన్ కూడా ఉండదు. లోపలి పేజీలో 'ప్రతులకు' అని రచయిత ఇంటి చిరునామా, కింద విజయవాడ ఏలూరు రోడ్డులోని ఒకటి రెండు దుకాణాల పేర్లు, హైదరాబాద్‌లో మరొకటి. ఏడాది తిరిగేలోపు ప్రతులు అయిపోతాయి లేదా అటక మీదికి పోతాయి. ఇలాంటి పుస్తకాన్ని మన టెండరు అడిగేదేమిటి? జీఎస్టీ రిజిస్ట్రేషన్, మూడేళ్ల టర్నోవర్, ముప్పై అయిదు శాతం రాయితీ, బిల్లు ఎప్పుడు పాసైతే అప్పుడు చెల్లింపు. నూట యాభై రూపాయల కవితా సంపుటి ఈ గడపలేవీ దాటలేదు. విజ్ఞాన శాస్త్ర విభాగాలకు ఇచ్చిన వెండర్ల జాబితాలో తెలుగు పుస్తకాలు తెచ్చేవారు ఉండరు. తెలుగు శాఖ ఇండెంట్ పెడితే 'అందుబాటులో లేదు' అని తిరిగొస్తుంది. ఆ పుస్తకం ఏలూరు రోడ్డులో కిటికీలో కనిపిస్తూనే ఉంటుంది.

దీన్ని సరిచేయడానికి కోట్లు అక్కర్లేదు. ఒక విశ్వవిద్యాలయం ఏడాదికి రెండు మూడు లక్షల రూపాయలు తెలుగు పుస్తకాలకు విడిగా తీసి పెట్టొచ్చు. విజయవాడలో ఒకరు, హైదరాబాద్‌లో ఒకరు, తెలుగు పుస్తకం లోతుపాతులు తెలిసిన విక్రేతలకు స్టాండింగ్ ఆర్డర్, అంటే కొత్తవి వచ్చినప్పుడల్లా పంపమనే ఆర్డర్, ఇవ్వొచ్చు. ఏమి కావాలో రెండు పేజీల పత్రం తెలుగు, చరిత్ర, సామాజిక శాస్త్రాల అధ్యాపకులు కూర్చుని రాస్తే చాలు: విమర్శ, తొలి ముద్రణ కవిత్వం, కథలు, స్థానిక చరిత్రలు, అనువాదాలు, ఆత్మకథలు కావాలి, పోటీ పరీక్షల గైడ్లు, పాత గ్రంథాల పునర్ముద్రణలు వద్దు. మూడు నెలలకొకసారి పెట్టె వస్తుంది, వద్దనుకున్నవి తిప్పి పంపుతారు. రాయితీ పదిహేను శాతం దాటి అడగకూడదు, బిల్లు నెలలోపు చెల్లించాలి. రచయితల దగ్గర నేరుగా కొనేందుకు చిన్న బిల్లులకు ముందే ఇచ్చే సొమ్ము, ఇంప్రెస్ట్, లైబ్రేరియన్ చేతిలో ఉంచాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు కేంద్రం 1984 ఉత్తర్వు నేరుగా వర్తించకపోయినా, అదే మాటను తమ కొనుగోలు నియమాల్లో చేర్చుకునే అధికారం పాలక మండళ్లకు ఉంది. తర్వాతి లైబ్రరీ కమిటీ సమావేశానికి అజెండా పంపేది విభాగాధిపతులే. ఈ అంశాన్ని అందులో చేర్చమని అడగాల్సింది అక్కడ చదువుతున్న పరిశోధక విద్యార్థులు.